ఎయిర్‌పోర్టు రేటూ, మన తొందరా

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరైనా విదేశీ ప్రయాణం అనగానే ఒక ఫార్వర్డ్ వచ్చి పడుతుంది: 'ఎయిర్‌పోర్టులో డాలర్లు అస్సలు కొనకండి, నిలువునా ముంచుతారు.' దాని కింద వరసగా దండాలు, బొటనవేళ్ళు. మా బాబాయి, పిన్ని డాలస్ ప్రయాణం కట్టినప్పుడూ వచ్చింది. సలహా తప్పు కాదు. కాకపోతే సగం సలహా. ఎక్కడ కొనకూడదో చెప్పింది గానీ, అసలు ఎంత కొనాలో ఎవరూ మాట్లాడలేదు. నా ఉద్దేశంలో డబ్బు పోయేది ఎక్కువగా ఆ రెండో దాని దగ్గరే.

ముందు రేటు సంగతి చూద్దాం. లెక్క తేలిగ్గా ఉంటుందని డాలర్ 90 రూపాయలు అనుకుందాం. ఇది బ్యాంకులు తమలో తాము కొనుక్కునే ధర, గూగుల్‌లో కనబడే ధర. ఊళ్ళో లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ దగ్గర కాస్త బేరమాడితే 91కి వస్తుందనుకుందాం. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో 96.50 చెప్పారనుకుందాం. వంద డాలర్లకి తేడా 550 రూపాయలు. కొండాపూర్ నుంచి అబిడ్స్‌కి క్యాబ్‌లో వెళ్ళి, గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చుని, తిరిగొచ్చేసరికి అది కాస్తా అయిపోతుంది. అదే రెండు వేల డాలర్లకైతే తేడా 11 వేలు. కాబట్టి వంద డాలర్లు ఎయిర్‌పోర్టులో కొన్నవాణ్ణి చూసి నవ్వక్కర్లేదు. రెండు వేలు కొన్నవాణ్ణి చూస్తే జాలేస్తుంది.

ఒకే కిటికీ, రెండు ధరలు

ఎయిర్‌పోర్టు రేటు ఎందుకంత ఎక్కువ అంటే అందరూ చెప్పే కారణం అద్దె. అద్దె ఎక్కువే, కాదనను. రాత్రింబవళ్ళు మనుషుల్ని పెట్టాలి, ఎప్పుడో ఒకసారి అడిగే కరెన్సీలు కూడా దగ్గర ఉంచుకోవాలి, ఎయిర్‌పోర్టు వాళ్ళకి ఆదాయంలో వాటా ఇవ్వాలి. ఒకసారి ఒక కౌంటర్ దగ్గర జరిగిన సంభాషణ తర్వాత మాత్రం ఆ కారణాన్ని నేను పూర్తిగా నమ్మడం మానేశాను.

కౌంటర్ అద్దం వెనక బోర్డు మీద ఒక రేటు ఉంది. అదే కంపెనీ వెబ్‌సైట్ నా ఫోన్‌లో తెరిస్తే, అంతకంటే బాగా తక్కువ రేటు కనబడుతోంది. ఫోన్ చూపించాను.

"అది ఆన్‌లైన్‌లో బుక్ చేసినవాళ్ళకి సార్."

"మరి బుక్ చేసినవాళ్ళు నోట్లు ఎక్కడ తీసుకోవాలి?"

"ఇక్కడే సార్."

"ఇప్పుడే బుక్ చేస్తే?"

"అది కుదరదు సార్. ముందే చేయాలి."

కుర్రాడు మర్యాదస్తుడు, అబద్ధం చెప్పలేదు. కిటికీ అదే, కట్ట అదే, అద్దె అదే. ముందు రోజు ఇంట్లో కూర్చుని నాలుగు చోట్ల రేట్లు పోల్చుకున్నవాడికి ఒక ధర, ట్రాలీ తోసుకుంటూ వచ్చి బోర్డింగ్ టైమ్ చూసుకుంటున్నవాడికి ఇంకో ధర. అద్దె ఒక్కటే కారణమైతే ఆ మొదటి ధరకి అమ్మడం వాళ్ళకి గిట్టకూడదు. గిడుతోంది. అంటే పై తేడా అంతా మన తొందర మీద వేసిన ధర.

ఇది మోసమా అంటే, చట్టం దృష్టిలో కాదు. మనీ ఛేంజర్లు ఎంత మార్జిన్ వేసుకోవాలో రిజర్వ్ బ్యాంకు పరిమితి పెట్టలేదు, రేటుని మార్కెట్‌కి వదిలేసింది. కొనే, అమ్మే రేట్ల పట్టికని కౌంటర్ దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలి, ఉదయం 10:30 లోపు ఆ రోజు రేట్లు మార్చాలి అని మాత్రం నిబంధన ఉంది. పట్టిక పెడతారు. పక్కనే దానికంటే పెద్ద అక్షరాల్లో 'జీరో కమిషన్' అని కూడా పెడతారు. కమిషన్ నిజంగానే సున్నా. రేటులోనే అంతా కలిపేశాక విడిగా కమిషన్ తీసుకోవాల్సిన ఖర్మ వాళ్ళకేమిటి?

వాళ్ళ పక్షాన ఒక మాట కూడా చెప్పుకోవాలి. 2016 జాతీయ పౌర విమానయాన విధానం ప్రకారం, షాపులు, పార్కింగ్, ఫారెక్స్ (విదేశీ కరెన్సీ మార్పిడి) వంటి వాటి మీద ఎయిర్‌పోర్టుకి వచ్చే ఆదాయంలో 30 శాతాన్ని విమాన సంబంధిత ఛార్జీల భారం తగ్గించడానికి లెక్కలోకి తీసుకుంటారు. టికెట్‌లో మనం కట్టే యూడీఎఫ్, అంటే ఎయిర్‌పోర్టు వాడకానికి వేసే రుసుము, ఆ లెక్కలోదే. అంటే కంగారులో డాలర్లు కొన్న మనిషి తన వెనక క్యూలో నిలబడ్డవాళ్ళందరి టికెట్ భారాన్నీ కాస్త మోస్తున్నాడన్నమాట. పుణ్యాత్ముడు. అయితే ఆ దానధర్మం మా బాబాయి చేత చేయించడం నాకు ఇష్టం లేదు.

బాబాయి రెండు వేలు, పిన్ని ఇరవై

బాబాయి రెండు వేల డాలర్లు నోట్లుగా తీసుకెళ్తానన్నాడు. నిబంధనలకి లోబడే ఉంది. చాలా దేశాలకి మనిషికి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా నోట్లు తీసుకెళ్ళొచ్చు, మిగతాది కార్డులోనో మరో రూపంలోనో. ఊళ్ళో కొన్నా 50 వేల రూపాయలకి పైబడితే నగదు ఇచ్చి కొనకూడదు, బ్యాంకు ద్వారా కట్టాలి. ఇవన్నీ ఆయనకి నాకంటే బాగా తెలుసు. ఆయన తరం వాళ్ళు డాలర్లు కొంటే పాస్‌పోర్టు చివరి పేజీల్లో ఎంత కొన్నారో ముద్ర వేసి రాసేవాళ్ళు. విదేశీ మారకం దొరకడమే గగనంగా ఉన్న రోజులు చూసిన మనిషికి డాలర్ నోటంటే ఖర్చు పెట్టే వస్తువు కాదు, దాచుకునే వస్తువు.

"ఒరేయ్, పరాయి దేశంలో చేతిలో డబ్బు లేకుండా ఎలాగరా? నీ కార్డు పనిచేయకపోతే?"

ఇందులో సగం నిజం ఉంది. 2020లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధన వల్ల కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలో వాడకానికి మాత్రమే తెరిచి ఉంటాయి. విదేశాల్లో పనిచేయాలంటే మనమే యాప్‌లోకి వెళ్ళి 'ఇంటర్నేషనల్ యూసేజ్' ఆన్ చేసుకోవాలి. అది తెలియక అక్కడి కౌంటర్లో నిలబడి కార్డుని మళ్ళీ మళ్ళీ గీకే పెద్దవాళ్ళు ఎందరో. పైగా ఓటీపీ వచ్చే సిమ్‌కి రోమింగ్ లేకపోతే యాప్‌లో లాగిన్ కూడా అవ్వకపోవచ్చు. ఈ రెండు పనులూ ఇంటి దగ్గర పది నిమిషాల్లో అయిపోతాయి.

కార్డులకి మార్కప్, అంటే మారకం రేటు మీద అదనపు ఛార్జీ, వేస్తారు కదా అన్నాడు బాబాయి. వేస్తారు. మన మామూలు డెబిట్, క్రెడిట్ కార్డులకి చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా వేస్తాయి, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 4.13 శాతం. ఎక్కువే. కానీ పైన అనుకున్న ఎయిర్‌పోర్టు రేటు గూగుల్ రేటు కంటే 7 శాతానికి పైన ఉంది. అందరూ తిట్టుకునే మామూలు కార్డు కూడా ఎయిర్‌పోర్టు నోటు కంటే నయమే. మార్కప్ లేని కార్డులు, ముందే డాలర్లు నింపుకునే ఫారెక్స్ కార్డులు ఉన్నవాళ్ళకైతే ఈ చర్చే అక్కర్లేదు.

తిరుగు ప్రయాణం లెక్క ఎవరూ వేయరు. కౌంటర్‌లో 96.50కి కొన్న డాలర్లలో అయిదు వందలు ఖర్చవక మిగిలాయనుకోండి. వచ్చేటప్పుడు అదే కౌంటర్ 84కి కొంటుందనుకుందాం. కదలకుండా పెట్టెలో పడుకుని వచ్చిన ఆ అయిదు వందల డాలర్లు 6,250 రూపాయలు తినేశాయి. అట్టే పెట్టుకోవచ్చు కదా అంటే, 2,000 డాలర్ల దాకా నోట్లు దగ్గర ఉంచుకోవచ్చు నిజమే. అంతకు మించినవి 180 రోజుల్లో తిరిగి అమ్మేయాలి.

ఈ లెక్కలన్నీ చెప్పి గెలిచాననుకునేలోపు పిన్ని ఒక్క మాట అంది. "అంతా బాగానే ఉంది నాన్నా. దారిలో ఏదైనా గుళ్ళో హుండీలో వెయ్యాలన్నా, మనవరాలికి బొమ్మ కొనాలన్నా, ప్రతిదానికీ అల్లుడి ముందు చెయ్యి చాపాలా?"

దీనికి నా దగ్గర శాతాల్లో జవాబు లేదు. మన పెద్దవాళ్ళు అమెరికాకి డాలర్లు మోసుకెళ్ళేది అక్కడ ఖర్చులుంటాయని కాదు. ఇల్లు పిల్లలది, కారు పిల్లలది, సరుకులు పిల్లలవి. ఆరు నెలలు ఒకరి ఇంట్లో ఉండి ఇరవై డాలర్లకి అడగాల్సి రావడం ఇక్కడ సొంతంగా సంసారం నడిపిన మనిషికి చిన్న విషయం కాదు. కూతురు అడగకుండానే ఇస్తుంది, నిజమే. ఇచ్చినప్పుడు తీసుకోవడం వేరు, మన పర్సులోంచి తీయడం వేరు. పొదుపు సలహాలు రాసేవాళ్ళు, నాతో సహా, ఈ సంగతి వదిలేస్తారు.

చివరికి పిన్నికి ఆమె పేరు మీదే ఒక ఫారెక్స్ కార్డు తీసుకున్నాం. బాబాయికి అనుబంధంగా కాదు, ఆమె పాస్‌పోర్టు, ఆమె పాన్, ఆమె పిన్. చేతి ఖర్చుకి ఇద్దరికీ కలిపి మూడు వందల డాలర్లు నోట్లు, ఎక్కువగా ఇరవైలూ పదులూ, ఊళ్ళోనే కొన్నాం. వంద నోటు పట్టుకుని హుండీ దగ్గర చిల్లర కోసం వెతుక్కునే పని లేకుండా. బాబాయి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. మనసులో రెండు వేలే ఉన్నాయి.

'తెలిసినాయన' డాలర్లు

మన ఇళ్ళల్లో అన్నిటికంటే చౌక డాలర్లు ఎక్కడ దొరుకుతాయో అందరికీ తెలుసు. సెలవులకి వచ్చిన మేనల్లుడి దగ్గరో, పక్క ఫ్లాట్ ఆయన దగ్గరో. 'నా దగ్గర వెయ్యి డాలర్లు ఉన్నాయి మావయ్యా, గూగుల్ రేటుకి రూపాయలు ఇచ్చేయండి.' ఇద్దరికీ లాభం, మధ్యవాడు లేడు. లెక్క ప్రకారం దీన్ని మించింది లేదు. కానీ విదేశీ మారకాన్ని నియంత్రించే ఫెమా చట్టం ప్రకారం విదేశీ మారకం కొనడం, అమ్మడం లైసెన్సున్నవాళ్ళ ద్వారానే జరగాలి. ఉల్లంఘిస్తే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు.

తమాషా ఏమిటంటే, ఇక్కడికి వచ్చిన ఎన్నారై మేనల్లుడు ఆ డాలర్లు మావయ్యకి బహుమతిగా ఇస్తే, అలాంటి నోట్లు 2,000 డాలర్ల దాకా మావయ్య దగ్గర ఉంచుకోవచ్చు. తిరిగి రూపాయలు పుచ్చుకుంటేనే అది వ్యాపారమవుతుంది. ఈ గీత ఎంతమంది పాటిస్తున్నారని అడగొద్దు. నేను మాత్రం ఈ దారి ఎవరికీ చెప్పను. నీతి కోసం అనుకునేరు, కాదు. నోటులో ఏదైనా తేడా వస్తే చూపించడానికి రసీదు ఉండదు. మేనల్లుడి మీద కంప్లైంట్ ఇచ్చే మావయ్యని నేనింతవరకు చూడలేదు.

దిగాక

అమెరికా సంగతి వేరు, బ్యాంకాక్ సంగతి వేరు. థాయ్‌లాండ్ వెళ్ళేవాళ్ళలో చాలామంది ఇక్కడే రూపాయలిచ్చి బాట్లు కొంటారు. మన దగ్గర బాట్ల మీద మార్జిన్ సాధారణంగా డాలర్ల మీద కంటే ఎక్కువ, ఎందుకంటే కొనేవాళ్ళు తక్కువ. తెలిసినవాళ్ళు వంద డాలర్ల నోట్లు పట్టుకెళ్ళి అక్కడ మార్చుకుంటారు. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో అరైవల్ హాల్లో కనబడే బ్యాంకు కౌంటర్లు దాటి, లిఫ్టులో కింద బి ఫ్లోర్‌కి, రైలు ఎక్కే చోటికి వెళ్తే, సూపర్‌రిచ్ లాంటి ఛేంజర్లు ఉంటారు. పై కౌంటర్ల కంటే మెరుగ్గా, దాదాపు ఊళ్ళో రేటే ఇస్తారు. ఒకే బిల్డింగ్‌లో రెండు అంతస్తుల తేడాతో రెండు ధరలు! 'ఎయిర్‌పోర్టు అంటేనే దోపిడీ' అనే మాట అక్కడ నిలబడదు. ఎదురుగా పోటీ కనబడితే రేటు దానంతటదే దిగివస్తుంది.

ఆ నోట్లు మాత్రం ఇస్త్రీ చేసినట్టుండాలి. మనవాళ్ళకి నోటుని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో కుక్కే అలవాటు. పెన్ను గీతో, చిన్న చిరుగో ఉంటే అటు దేశాల్లో ఛేంజర్లు తిప్పి చూసి వెనక్కి తోసేస్తారు. ఒకటి, అయిదు డాలర్ల నోట్లకి వంద నోటు కంటే తక్కువ రేటు కడతారు. అమెరికాకి చిన్న నోట్లు, బ్యాంకాక్‌కి పెద్ద నోట్లు.

ఏటీఎంలు కూడా ఉన్నాయి. థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డు పెడితే తీసిన ప్రతిసారీ 220 బాట్లు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ కూడా కోస్తారు. కాబట్టి నాలుగుసార్లు కొంచెం కొంచెం తీసే బదులు ఒకేసారి తీయడం మేలు. అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చే స్క్రీన్‌లో ఉంది. మా ఆఫీసు మిత్రుడొకడు మెషిన్ ముందు నిలబడి నన్ను పిలిచాడు. స్క్రీన్ మీద ఎడమవైపు రూపాయల్లో ఒక మొత్తం, పచ్చ బటన్, 'యాక్సెప్ట్ కన్వర్షన్.' కుడివైపు బూడిద రంగులో 'డిక్లైన్ కన్వర్షన్.' డిక్లైన్ నొక్కితే డబ్బులు రావేమోనని వాడి భయం. వస్తాయి. ఆ ఊరి కరెన్సీలోనే కార్డుకి వెళ్తుంది, మార్పిడి రేటు వీసానో మాస్టర్‌కార్డో వేస్తుంది. యాక్సెప్ట్ నొక్కితే ఆ మెషిన్ వాడు తనకి తోచిన రేటు వేసుకుంటాడు. ట్రాన్సిట్‌లో కాఫీ కొన్నా ఇదే వరస: స్వైప్ మెషిన్ మీద మన రూపాయి గుర్తు చూడగానే సొంతూరి మనిషి కనబడినంత సంతోషం వేస్తుంది. ఆ సంతోషానికే వాళ్ళు బిల్లు వేసేది. ఎయిర్‌పోర్టు కౌంటర్‌ని తప్పించుకున్నామని మురిసిపోయిన చాలామంది ఇక్కడ దొరికిపోతారు.

చిన్న మొత్తానికే పెద్ద కోత

మొదట్లో నేను వంద డాలర్లు ఎయిర్‌పోర్టులో కొంటే కొంప మునగదన్నాను. ఆ మాట ఎవరికి వర్తిస్తుందో కూడా చెప్పాలి. నా లాంటి జీతగాడికి 550 రూపాయలు క్యాబ్ ఖర్చు. గల్ఫ్ ఫ్లైట్ల క్యూలో నిలబడేవాళ్ళ సంగతి అలా కాదు.

జగిత్యాల వైపు నుంచి దుబాయ్ వెళ్తున్న ఒక కుర్రవాడు కౌంటర్ దగ్గర నుంచి కాగితం పట్టుకుని వచ్చి నన్ను అడిగాడు. "అన్నా, జర గీ కాగితం సూడవా? పది వేలు ఇచ్చిన. గింతేనా అచ్చేది?" చేతిలో మూడు వందల అరవై అయిదు దిర్హాములు. నాలుగు వందలకి పైనే వస్తాయని వాళ్ళ మేనమామ చెప్పి పంపాడట. మేనమామ చెప్పింది గూగుల్ రేటు. కాగితంలో రేటు విడిగా, సర్వీస్ ఛార్జీ విడిగా, జీఎస్టీ విడిగా ఉన్నాయి. వెయ్యి రూపాయల దాకా తేడా. నెలకి వెయ్యి, పన్నెండు వందల దిర్హాముల జీతానికి పోయే మనిషికి అది ఒక రోజు కష్టం. ఇంకా విమానం కూడా ఎక్కలేదు.

శాతం లెక్కన చూస్తే చిన్న మొత్తం మార్చేవాడికే ఎక్కువ తగులుతుంది. జీఎస్టీనే చూడండి. లక్ష రూపాయల లోపు మార్పిడికి అందులో ఒక శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి దాని మీద 18 శాతం వేస్తారు, కానీ ఆ విలువ 250 రూపాయలకి తగ్గకూడదు. అంటే కనీసం 45 రూపాయల పన్ను. లక్ష మార్చేవాడు 180 కడతాడు, అయిదు వేలు మార్చేవాడు 45 కడతాడు. ఇద్దరి శాతాలూ వేసి చూడండి, అయిదు వేలవాడిది అయిదు రెట్లు. సర్వీస్ ఛార్జీ కూడా ఫ్లాట్‌గా తీసుకుంటే అదీ ఇంతే.

ఇంకో విచిత్రం. దిర్హాము 1997 నుంచి డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేసి ఉంది. డాలర్‌తో చూస్తే అది అటూ ఇటూ కదలదు. 'కరెన్సీ ఊగుతుంది, రిస్క్ మాది' అనే సాకు, డాలర్ల మీద వేసుకున్నదానికి మించి దిర్హాముల మీద వేసుకోవడానికి చెల్లదు. అయినా ఆ బోర్డు మీద దిర్హాము వరసలో కొనే రేటుకీ అమ్మే రేటుకీ మధ్య దూరం చూడండి.

ఆ కుర్రాడికి ఆన్‌లైన్ బుకింగ్ చేసుకో, రేట్లు పోల్చుకో అని చెప్పడం నాకు కాస్త సిగ్గుగానే ఉంటుంది. టికెట్ ఏజెంటు చేతికిచ్చేదే బయల్దేరే ముందు రోజు. పనికి వెళ్ళేవాళ్ళకి విదేశాంగ శాఖ ప్రయాణానికి ముందు ఇచ్చే ఒకరోజు శిక్షణ ఉంది. అందులో ఈ కాగితం ఎలా చదవాలో పావుగంట చెబితే బాగుంటుంది, కానీ అది అందరికీ అందదు. నాకు తోచింది వేరే: రేట్ల పట్టిక పెట్టాలనే నిబంధన ఎలాగూ ఉంది కదా, దానికి ఇంకొక్క వరస కలపాలి. 'మీరు 10,000 రూపాయలు ఇస్తే, అన్నీ పోను మీ చేతికి వచ్చేవి ఇన్ని దిర్హాములు, ఇన్ని డాలర్లు' అని, తెలుగులో, హిందీలో, ఉర్దూలో. రేటు తగ్గించమని అడగడం లేదు. తొందరలో ఉన్నవాడు కూడా నడుస్తూ నడుస్తూ చదవగలిగే ఒక్క అంకె.

ఈ మాట ఫారెక్స్ కంపెనీలో పనిచేసే ఒక మిత్రుడితో అంటే నవ్వాడు. "అలా రాస్తే ఎవరు ఆగుతారు రా మా దగ్గర?" అన్నాడు.